నాంచారమ్మ గొంతు ఎవరింట్లో ఉంది

నాంచారమ్మకి గొంతుపెట్టె తీసెయ్యక తప్పదని ఆసుపత్రిలో చెప్పిన రోజు అచ్చయ్య ఏడవలేదు. ఆటో దిగి, పెళ్ళాన్ని ఇంట్లో కూర్చోబెట్టి, తిన్నగా పక్కింటికి వచ్చి రామమూర్తిని అడిగాడు.

"బావా, నీ కంప్యూటర్లో మాటలు పట్టొచ్చునేటి?"

"పట్టొచ్చు. ఎవరి మాటలు?"

"నాంచారివి. ఇంకా పదిహేన్రోజులున్నాయి."

ఇది రెండువేల మూడు నాటి మాట. రాయపూర్‌లో ఒక రోలింగ్ మిల్లు, దాని వెనక మిల్లు కట్టించిన క్వార్టర్లు. ఒక లైన్లో పన్నెండిళ్ళు. అందులో పక్కపక్కనే, మధ్యలో ఒక్క గోడతో, ఈ రెండు కాపురాలూ. ఇద్దరూ టెక్కలి వైపు నుంచి ఒకే రైల్లో, ఒకే మేస్త్రీ వెంట వచ్చినవాళ్ళు. రక్తసంబంధం ఏమీ లేదు. వచ్చిన కొత్తలో నాంచారమ్మ ఓ రోజు రామమూర్తిని "అన్నయ్యా" అంది. ఆ ఒక్క పిలుపుతో అచ్చయ్య బావ అయిపోయాడు. ఇరవై రెండేళ్ళు ఆ వరస అలాగే నిలిచింది.

రామమూర్తి చదివింది ఏడో తరగతి. మిల్లులో రోళ్ళు సానపట్టే పని, యూనియన్లో సెక్రటరీ పని. రెండో పనికి జీతం లేదు, మెమోలు ఉంటాయి. మనిషి గొంతు పెద్దది. మైకు చెడిపోయినా మీటింగు ఆగదని షిఫ్టులో జోకు. మిల్లు ఆఫీసు పాత కంప్యూటర్లు వేలం వేసినప్పుడు కరపత్రాలు టైపు చేసుకోవచ్చని ఒకటి పాడుకున్నాడు. బావ కొన్నాడు కదా అని అచ్చయ్యా ఒకటి పాడుకున్నాడు. పాడుకున్నాక దాంతో ఏం చెయ్యాలో తెలియక దాని మీద పూలగుడ్డ కప్పి ఆరునెలలు ఉంచాడు. రామమూర్తి మాత్రం ఫుట్‌పాత్ మీద దొరికిన హిందీ పుస్తకం ముందు పెట్టుకుని, బొమ్మల్ని చూస్తూ, తిట్టుకుంటూ, విప్పుతూ, బిగిస్తూ నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. ఆ సంగతి రోజుకి రెండుసార్లు చెప్పేవాడు.

పదిహేను సాయంత్రాలు రామమూర్తి ముందుగదిలో మాటలు పట్టారు. మొదటిరోజు నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాను సచ్చిపోయినట్టు ఈ రికార్డింగులేటి!"

"సచ్చిపోయినోళ్ళకి మాటలెందుకే? బతికున్నోళ్ళకే గావాల," అంది రామమూర్తి పెళ్ళాం సూరమ్మ, టీ గ్లాసులు దింపుతూ.

ఆ మాట పనిచేసింది. రెండోరోజు నుంచి నాంచారమ్మే మేస్త్రీ అయింది. ఏ మాట కావాలో, ఏది అక్కర్లేదో ఆమే చెప్పింది. 'ఏమయ్యో'. 'తిన్నావా'. 'తలుపు గడియెయ్యి'. 'ఉప్పయిపోనాది'. సూరమ్మని పిలవడానికి 'సూరప్పా, ఓపాలి రాయే'. ఆకుకూరల బండి వచ్చినప్పటికని ఛత్తీస్‌గఢీలో 'భాజీ కతకా మ దేబే?', అంటే కూర ఎంతకిస్తావని, దానికి జతగా 'అంతేటి, లూటీ సేస్తన్నావా!'. తిట్లు ఎక్కువ పెట్టమంది.

"ఈయనకి తిట్టు పడకపోతే ఒక్క పనీ జరగదన్నయ్యా. మెత్తటివి నాలుగెట్టు, గట్టివి నలభై ఎట్టు."

అచ్చయ్య మూల కూర్చుని తన తిట్లు తానే ఎంచి ఇస్తున్నాడు. "అది కాదే, మొన్న గొడుగు పారేసుకున్నప్పుడు తిట్నావు సూడు, అది బాగుంటాది."

చివర్లో ఆమెకి ఒకటి తోచింది. "నవ్వో?" అంది. "నవ్వు గూడా పోద్దా?"

రామమూర్తి మైకు ఆమె వైపు జరిపాడు. మైకు ముందు నవ్వమంటే ఆమెకి నవ్వు రాలేదు. అప్పుడు రామమూర్తి జనరల్ మేనేజరుని ఘెరావ్ చేసిన రోజున తన లుంగీ గేటు చువ్వకి చిక్కుకుని ఊడిన కథ, అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది, లేచి నిలబడి, చేసి చూపించాడు. నాంచారమ్మ నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు కూడా డిస్కులోకి ఎక్కింది.

నాగపూర్‌లో ఆపరేషనయ్యి మెడ ముందు చిన్న కన్నంతో, దాని మీద తడిగుడ్డతో ఆమె ఇంటికి వచ్చింది. మాటలున్నది రామమూర్తి కంప్యూటర్లో. అచ్చయ్య కంప్యూటర్ డిస్కు చిన్నది, అదీ చోటుచోటుకీ చెడిపోయి ఉంది. రామమూర్తి డిస్కు నాలుగు జీబీ. సరే, పుస్తకంలో ఒక బొమ్మ ఉంది: రెండు కంప్యూటర్లు, మధ్యలో వైరు, ఒకదాని డిస్కు రెండోది వాడుకోవచ్చు. రామమూర్తి గోడ పైనున్న వెంటిలేటరు లోంచి వైరు అటు దూర్చాడు. పదకొండు సాయంత్రాలు పట్టింది. పదకొండో సాయంత్రం అచ్చయ్య కంప్యూటర్ తెర మీద రామమూర్తి డిస్కు ప్రత్యక్షమైంది. అందులో 'చెల్లెమ్మ' అని పేరు పెట్టిన ఫోల్డరు. అందులో మాటలన్నీ.

నాంచారమ్మకి అక్షరాలు రావు. పై వరసలో పన్నెండు మీటలకి పన్నెండు రంగుల బొట్టుబిళ్ళలు అంటించారు. ఎర్రబిళ్ళ నొక్కితే 'ఏమయ్యో'. మిగతా మాటలకి తెర మీద బొమ్మలు: ఉప్పు డబ్బా, తలుపు, ఆకుకూరల బండి. మొదటిసారి ఎర్రబిళ్ళ నొక్కగానే స్పీకర్లోంచి ఆమె గొంతు "ఏమయ్యో!" అని లైనంతా వినపడేలా అరిచింది. వీధిలో సైకిలు తుడుచుకుంటున్న అచ్చయ్య గుడ్డ పారేసి లోపలికి పరిగెత్తాడు. ఆమె మళ్ళీ నొక్కింది. ఎదురుగా నిలబడి ఉన్నా మళ్ళీ నొక్కింది.

"ఇప్పుడు మా ఆవిడ గొంతు రెండిళ్ళల్లో ఉంది," అని అచ్చయ్య లైనంతా చెప్పుకున్నాడు. "మాదాన్లో ఒకటి, బావదాన్లో ఒకటి. ఒకటి పోయినా ఇంకోటి."

రామమూర్తీ అదే అనుకున్నాడు, అదే చెప్పాడు. తెర మీద కళ్ళారా చూశాడు కదా, అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఒక్కటే ఉందని, రెండు కిటికీల్లోంచి ఒకే వస్తువుని చూస్తున్నారని ఆ హిందీ పుస్తకం ఎక్కడో చెప్పే ఉంటుంది. ఆయన బొమ్మలు చూశాడు, అంత వివరం చదవలేదు. తన కంప్యూటర్ కట్టేస్తే అటు మాట రాదని మాత్రం తెలుసు. దానికీ ఆయన దగ్గర లెక్క ఉంది. క్వార్టర్లలో నీళ్ళ మోటారు ఒకరింటి వెనక ఉంటుంది. అది తిరిగితేనే అందరి కుళాయీ పారుతుంది. అలాగని ఎవరి డ్రమ్ములో నీళ్ళు వాళ్ళవి కాకుండా పోతాయా? ఇదీ అంతే. తనది మోటారు. వాళ్ళ డ్రమ్ము నిండే ఉంది.

ఎంత తప్పు లెక్క! అయినా ఆ లెక్కతో ఎనిమిది నెలలు గడిచాయి. రోజూ పొద్దున్నే షిఫ్టుకి బయల్దేరేముందు రామమూర్తి కంప్యూటర్ ఆన్ చేసేవాడు. దాన్ని ఆ ఇంట్లో 'చెల్లెమ్మకి గొంతెట్టడం' అనేవాళ్ళు. "గొంతెట్టీసినావా?" అని సూరమ్మ అడిగేది. కాసేపటికి గోడవతల "ఏమయ్యో!" వినపడేది. అప్పుడు చెప్పులేసుకునేవాడు. ఓసారి సీడీలో కూడా ఎక్కిద్దామని ఇద్దరూ చాలాసార్లు అనుకున్నారు. రెండిళ్ళలో ఉంది కదా, తొందరేముందని చాలాసార్లు మానేశారు.

ఆ ఏడు దసరా ముందు మిల్లు ముప్ఫై ఏడుమంది కాంట్రాక్టు కూలీల్ని ఒక్క రోజులో గేటు బయట పెట్టింది. అందరూ ఛత్తీస్‌గఢీ కుర్రాళ్ళు, ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు. పర్మనెంటు వాళ్ళు మనకెందుకని ఊరుకుంటే రేపు మన వంతు. రామమూర్తి ఊరుకునే రకం కాదు. సమ్మె, అక్కడి మాటలో హడ్తాల్. మొదటిరోజు ఒక్కడూ లోపలికి పోలేదు. రెండోరోజు తొమ్మిదిగంటలప్పుడు, గేటు ముందు నాలుగొందల మంది కూర్చుని ఉండగా, అచ్చయ్య తలొంచుకుని, చేతిలో ఓ కాగితంతో, సెక్యూరిటీ పక్కనుంచి లోపలికి వెళ్ళాడు.

ఆ కాగితం మిల్లు దవాఖానా చిట్టీ. నాంచారమ్మని నాగపూర్‌లో మళ్ళీ చూపించే తేదీ ఎల్లుండి. మేనేజరు సంతకం లేకపోతే అక్కడ ముట్టుకోరు. సంతకం కావాలంటే డ్యూటీ ఎక్కమన్నాడు మేనేజరు. ఇది అచ్చయ్య ఎవరికీ చెప్పలేదు. బావకి చెబితే బావ మేనేజరు మీదికి పోతాడు, సంతకం పోతుంది. అదీ అతని భయం.

రామమూర్తికి కనపడింది వీపు ఒక్కటే. చేతిలో మైకు ఉంది.

"అదుగో సూడండి! మా బావ! పెళ్ళానికి గొంతు లేదు, ఈయనకి ఎన్నుపూస లేదు!"

తెలుగు తెలిసినవాళ్ళు నవ్వారు. తెలియనివాళ్ళు పక్కవాళ్ళని అడిగి నవ్వారు. అచ్చయ్య ఒక్క క్షణం ఆగాడు. వెనక్కి తిరగలేదు. లోపలికి పోయాడు.

కోపం నిజంగా ఉన్నప్పుడు మనిషి ఎవరిని కొడుతున్నాడో చూసుకోడు. కొట్టాక కూడా చూసుకోడు, అదింకా పాపం. ఆ సాయంత్రం అచ్చయ్య గోడ దగ్గర నిలబడి "బావా" అన్నాడు. రామమూర్తి రేడియో పెంచాడు. మర్నాడు వాళ్ళు నాగపూర్ వెళ్ళి, నాలుగు రోజులకి తిరిగొచ్చారు. ఈలోపు హడ్తాల్ సగం గెలిచింది. పందొమ్మిది మందిని వెనక్కి తీసుకున్నారు. పెళ్ళిళ్ళకి వీడియో తీసే దేవేంద్ర నగర్ ఫోటోగ్రాఫరు గేటు మీటింగు తీసి, రెండు సీడీలు రామమూర్తి చేతిలో పెట్టాడు. ఇతర మిల్లుల్లో చూపించాలని యూనియన్ ఆలోచన.

ఆదివారం మధ్యాహ్నం రామమూర్తి సీడీలు తన డిస్కులోకి ఎక్కించబోయాడు. చోటు చాలదని కంప్యూటర్ చెప్పింది. ఏమున్నాయా అని చూశాడు. కరపత్రాలు కాస్త. మిగతాదంతా 'చెల్లెమ్మ'.

వాళ్ళది వాళ్ళింట్లో ఉంది కదా అనుకున్నాడు. గేటు దాటినోడి సామాను నా ఇంట్లో దేనికి అని కూడా అనుకున్నాడు. ఏది ముందు అనుకున్నాడో తర్వాత ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలలేదు. ఫోల్డరు చెరిపాడు. చెరిపినవి చెత్తబుట్టలో ఉంటాయి కదా, దాన్నీ ఖాళీ చేశాడు. సగం పని ఆయనకి గిట్టదు.

"ఏటి సేస్తన్నావు?" అంది సూరమ్మ బియ్యం ఏరుతూ.

"ఇల్లు ఊడుస్తన్నాను."

రెండు సీడీలూ ఎక్కాయి. చోటు సరిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆయన అలవాటు ప్రకారం కంప్యూటర్ ఆన్ చేశాడు. బావ మీద కోపం బావ మీదే. చెల్లెమ్మకి గొంతు కట్టేసేటంత నీచుణ్ణి కాదనుకుని కొంచెం గర్వపడ్డాడు కూడా. చొక్కా వేసుకున్నాడు. పిలుపు వినపడలేదు. చెప్పులేసుకోకుండా నిలబడ్డాడు. గోడవతల మీట చప్పుడు వినపడుతోంది. టక్. టక్. టక్కు టక్కుమని, ఆగి, మళ్ళీ.

తలుపులో అచ్చయ్య నిలబడ్డాడు. వారం అయింది మాటల్లేక.

"బావా, నా మీద కోపముంటే ఉంచుకో. మిషన్ ఆన్ సెయ్యి. ఆవిడి నొక్కుతోంది, పలకట్లేదు."

"ఆన్‌లోనే ఉంది."

"మరి పలకదేటి?"

రామమూర్తి వాళ్ళింటికి వెళ్ళాడు. నాంచారమ్మ పీట మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూసి మొహం వెలిగింది, మెకానిక్కు వచ్చాడన్నట్టు. జరిగి చోటిచ్చింది. తెర మీద బొమ్మలన్నీ తెల్లకాగితాలైపోయాయి. రామమూర్తి డిస్కు తెరిచాడు. వాళ్ళ తెర మీద, వాళ్ళింట్లో, తాను ఎన్నడూ పెట్టని చోట, తన 'హడ్తాల్' ఫోల్డరు కనపడింది. అదొక్కటే కనపడింది.

అప్పుడు అర్థమైంది. నాంచారమ్మ పక్కనుంచి చెయ్యి చాపి, సాయం చేస్తున్నట్టు, ఇంకోసారి ఎర్రబిళ్ళ నొక్కింది.

రామమూర్తి అచ్చయ్యని చెయ్యి పట్టి వీధిలోకి లాక్కొచ్చాడు. "బావా, నేనే సెరిపీసినాను. నిన్న."

"నీదాన్లోది గదా? మాది ఉండాల గదా?"

"లేదు బావా."

"రెండిళ్ళల్లో ఉన్నాది గదా! నువ్వే సెప్పినావు!"

"రెండనుకున్నాం. ఒక్కటే. నా దగ్గిరున్నదే మీకు కనపడతాంది. ఒక్కటే ఉండేది బావా."

అచ్చయ్య అతని మొహం కేసి చూశాడు. కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. "తియ్యి," అన్నాడు. "దాన్ని పీకి తియ్యి. ఎవడైనా బాగుసేస్తాడేమో తీస్కెళ్దాం."

డిస్కుని తువ్వాల్లో చుట్టి అచ్చయ్య ఒళ్ళో పెట్టుకున్నాడు. రామమూర్తి స్కూటర్ నడిపాడు. తెలీబంధా చెరువు దగ్గర గతుకులొస్తే అచ్చయ్య రెండు చేతులూ దాని చుట్టూ వేసి ముందుకి వంగాడు. శంకర్ నగర్‌లో పోయిన ఫైళ్ళు తీసిచ్చే దుకాణం ఒకటి ఉంది. హేమంత్ అని ఇంజనీరు. రెండు రోజులు ఉంచుకున్నాడు. మూడోరోజు ఇద్దర్నీ కూర్చోబెట్టి, దొరికినవి వినిపించాడు.

మొదట గరగర. తర్వాత "—ప్పయిపో—". తర్వాత "—న్నావా". సగం నవ్వు, అదీ గీసుకుపోయి. ఇంకోటి నొక్కాడు. చక్కగా, గట్టిగా, ఒక్క గీత లేకుండా ఓ గొంతు మోగింది: "మా బావ! పెళ్ళానికి గొంతు లేదు—"

"బంద్ కరో!" అని రామమూర్తి లేచాడు.

హేమంత్‌కి తెలుగు రాదు. ఓపిగ్గా చెప్పాడు. "అంకుల్, జిస్ జగహ్ వో ఆవాజ్ థీ న, ఉసీ జగహ్ పే యే బైఠ్ గయా. డిలీట్ కర్‌కే ఛోడ్ దేతే తో నికల్ ఆతా." చెరిపి వదిలేసి ఉంటే దొరికేదట. పైన ఇంకోటి పెట్టాక దొరకదట.

"ఇంకేటీ లేదా?" అన్నాడు అచ్చయ్య.

ఒకటి ఉంది. నాలుగు సెకన్లు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఆమె గొంతు సవరించుకోవడం, తర్వాత రామమూర్తి మాట, మెత్తగా: "ఆఁ, ఇప్పుడు సెప్పు చెల్లెమ్మా." అక్కడితో తెగిపోయింది. అచ్చయ్య అది మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. ప్రతిసారీ తెగిన తర్వాత ఇంకాసేపు తల వంచి, చెవి అటు పెట్టి కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు లైను మొదట్లో రామమూర్తి స్కూటర్ ఆపాడు. "చెల్లెమ్మకి నేనే సెప్తాను. మొహమ్మీద ఉమ్మినా సరే, సెప్పుచ్చుకు కొట్టినా సరే. దాసడం నాకు సేతకాదు."

"సెప్పకు."

"బావా—"

"డిస్కు పాతదయ్యి కాలిపోయిందని సెప్పీసినాను. అంతే." అచ్చయ్య స్కూటర్ దిగాడు. "నువ్వు సెప్పీస్తే నీకు తేలికవుద్ది. ఆవిడికో? కోపమొస్తే ఏటి సేస్తాది? నిన్ను తిట్టడానికి ఆవిడి కాడ ఏటున్నాది? నలభై తిట్లుండీవి, అవీ పోనాయి. లోపలే ఉడికి సావాల. గేటు కాడ నాను నోరెత్తలేదు బావా. నీకు సెప్తే సంతకం పోద్దని. ఇప్పుడు నీ వంతు. నీకు దండమెడతాను, ఈ ఒక్క పాలీ నోరు మూసుకో."

అన్ని మెమోలకీ జవాబు రాసిన మనిషి, జీఎం మొహం మీద వేలు చూపించి మాట్లాడిన మనిషి, తలొంచుకుని స్కూటర్ తోసుకుంటూ ఇంటికి నడిచాడు.

మర్నాడు సాయంత్రం నాంచారమ్మ వచ్చింది. రామమూర్తి విప్పిన కంప్యూటర్ ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె వాకిట్లో నిలబడి కాసేపు చూసింది. అన్నయ్య తనకోసమే, బాగు చెయ్యలేకపోయానని ఇలా అయిపోయాడని ఆమె అనుకుంది. అది ఆమె మొహంలో చదవడానికి మాటలు అక్కర్లేదు. వచ్చి పక్కన కూర్చుంది. ఖాళీ పెట్టె మీది దుమ్ము కొంగుతో తుడిచింది. మెడ దగ్గర గుడ్డ మీద వేలు పెట్టి చూపించి, అరచెయ్యి గాల్లో అటూ ఇటూ తిప్పింది. పోనీలే, అని. పోతే పోయింది, నువ్విలా కూర్చోకు, అని.

రామమూర్తి నోరు తెరిచాడు. వాకిట్లో అచ్చయ్య నిలబడి ఉన్నాడు. పొయ్యి దగ్గర సూరమ్మ అటు తిరిగి, కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన నోరు మూసుకున్నాడు.

నాంచారమ్మ లేచి వాళ్ళింటికి వెళ్ళి గ్లాసుతో టీ తెచ్చింది. ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు దాని చుట్టూ మూసి, మొహంలోకి చూస్తూ పెదాలు కదిపింది. కన్నంలోంచి గాలి ఒక్కటే వచ్చింది. అది 'అన్నయ్యా' అనే మాట. పెదాల్ని బట్టి తెలిసింది. అది ఆమె ఎలా అనేదో, 'య్యా' దగ్గర ఎంత సాగదీసేదో గుర్తు తెచ్చుకోవాలని రామమూర్తి కళ్ళు మూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళు విన్న పిలుపు. ఎంత వెతికినా దొరకలేదు. మైకులో తన గొంతే వినపడుతోంది.

కళ్ళు తెరిచేసరికి ఆమె ఇంకా చూస్తోంది, తాగమన్నట్టు. తాగాడు.